మన సిటీ గాలిలో మసి ఎంత ఉంది, ఎక్కడి నుంచి వస్తోంది: కొలిచి పట్టుకోవటం ఎలా

హైదరాబాద్ గాలి డేటా కోసం సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు) సైట్ తెరిచి సనత్‌నగర్, జూపార్క్, పాశమైలారం, ఏ స్టేషన్ నొక్కినా పీఎం 2.5 ఉంటుంది, పీఎం 10 ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, బెంజీన్ కూడా ఉంటాయి, మసి మాత్రం ఏ కాలమ్‌లోనూ ఉండదు. 2009లో తెచ్చిన మన జాతీయ ప్రమాణాల్లో పీఎం 2.5కి సంవత్సరం సగటు 40, రోజు సగటు 60 మైక్రోగ్రాములు అని లిమిట్ ఉంది కానీ అందులో మసి వాటా ఎంతకి మించకూడదో లేదు. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో పీఎం 2.5 వార్షిక గైడ్‌లైన్‌ని 5కి దించినప్పుడు కూడా బ్లాక్ కార్బన్‌కి, అంటే మసికి, నంబర్ ఇవ్వలేదు, కానీ దాన్ని పద్ధతిగా కొలవండి, ఎక్కడి నుంచి వస్తోందో లెక్క కట్టండి అని మాత్రం చెప్పింది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్ల లోపు కణాల బరువు, అంతే. అందులో రోడ్డు దుమ్ము ఉండొచ్చు, సల్ఫేట్ ఉండొచ్చు, లారీ పొగ ఉండొచ్చు, చెత్త కాల్చిన పొగ ఉండొచ్చు. మసి అలా కాదు, ఎక్కడో ఏదో కాలితేనే వస్తుంది, కాబట్టి దాన్ని కొలిస్తే ఏం కాలుతోందో అడగొచ్చు, ఎవరిని ఆపాలో కూడా అడగొచ్చు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ స్టూడెంట్స్, కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్లలో ఈ పని మీద కూర్చునే వాళ్లు, వీళ్లిద్దర్నీ మనసులో పెట్టుకుని రాస్తున్నా.

ముందు మీ ప్రశ్న ఏంటో ఒక వాక్యంలో రాసుకోండి. మెషీన్ సంగతి తర్వాత. "సిటీ మొత్తం మీద మసిలో డీజిల్ వాటా ఎంత" అనేది ఒక ప్రశ్న, "మా కాలనీలో రాత్రి పదకొండు తర్వాత వచ్చే పొగ చెత్త డంప్ నుంచా, హైవే మీద లారీల నుంచా" అనేది ఇంకో ప్రశ్న. మొదటి దానికి కనీసం ఒక సంవత్సరం ఫిల్టర్లు, ల్యాబ్ కావాలి. రెండో దానికి నిమిషానికో రీడింగ్ ఇచ్చే చిన్న పరికరం, గాలి దిశ డేటా ఉంటే చాలావరకు తేలిపోతుంది. ప్రశ్న లేకుండా పరికరం కొంటే డేటా గుట్టలా పడుంటుంది, దాన్నుంచి ఏమీ రాదు.

పరికరాల విషయంలో ముందే ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకి దొరికే పీఎం 2.5 సెన్సర్లు, లేజర్ కాంతి కణాల మీద పడి చెదిరితే లెక్కపెట్టేవి, మసిని కొలవలేవు. డీజిల్ మసి కణాలు చాలావరకు 0.3 మైక్రాన్ కంటే చిన్నవి, అంత చిన్నవాటిని ఆ సెన్సర్ దాదాపు చూడదు, పైగా మసి కాంతిని చెదరగొట్టే దానికంటే మింగేసేదే ఎక్కువ. అందుకే బస్సు పొగ ముఖానికి కొట్టినా ఆ డబ్బా మీద నంబర్ పెద్దగా కదలదు, "మా ఏరియాలో మసి లేదు" అని దాన్ని చూపించి వాదించే వాళ్లని నమ్మకండి.

మసిని కొలిచే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి కాంతి మింగే గుణాన్ని బట్టి, దాంతో వచ్చేదాన్ని బ్లాక్ కార్బన్ అంటారు. రెండోది వేడి చేసి కాల్చి, దాంతో వచ్చేది ఎలిమెంటల్ కార్బన్. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి కానీ ఒకటే కాదు, ఒక రిపోర్ట్‌లో దీన్నీ దాన్నీ కలిపి పోల్చకండి.

కాంతి పద్ధతిలో అందరూ వాడేది ఈథలోమీటర్. లోపల ఫిల్టర్ టేప్ ఉంటుంది, పంప్ గాలిని దానిమీదుగా లాగుతుంది, టేప్ మీద మచ్చ నల్లబడే కొద్దీ కాంతి ఎంత తగ్గిందో చూసి మసి లెక్క కడుతుంది. ఏఈ33 అనే మోడల్ ఏడు తరంగదైర్ఘ్యాల్లో చూస్తుంది: 370, 470, 520, 590, 660, 880, 950 నానోమీటర్లు. బ్లాక్ కార్బన్ నంబర్ 880 నుంచి తీసుకుంటారు, ఎందుకంటే అక్కడ మసి తప్ప మిగతా కణాలు కాంతిని పెద్దగా మింగవు. ఇది లక్షల్లో ఉంటుంది, కాబట్టి మీ దగ్గర్లో ఏ యూనివర్సిటీలోనో, రీసెర్చ్ సంస్థలోనో ఉందేమో ముందు కనుక్కోండి. ఇస్రో వాళ్ల ఏరోసోల్ నెట్‌వర్క్‌లో భాగంగా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్)లో ఈ కొలతలు ఏళ్ల తరబడి జరిగాయి. చేతిలో పట్టుకునే సైజు మైక్రో ఈథలోమీటర్లు కూడా ఉన్నాయి, బ్యాగ్‌లో పెట్టుకుని బస్టాప్‌లో నిలబడ్డా, ఆటోలో తిరిగినా పనికొస్తాయి.

డబ్బే లేదంటే ఇంకో దారి ఉంది. వాతావరణ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ నడిపిన ప్రాజెక్ట్ సూర్యలో చిన్న పంప్‌తో ఫిల్టర్ మీద గాలి లాగించి, ఆ ఫిల్టర్‌ని రంగుల స్కేల్ పక్కన పెట్టి మామూలు ఫోన్‌తో ఫోటో తీసి, ఎంత నల్లబడిందో చూసి మసి అంచనా వేశారు, 2011లోనే దాని మీద పేపర్ వచ్చింది. కచ్చితత్వం తక్కువే, కానీ ఒకే పద్ధతిలో పది చోట్ల పెట్టి ఎక్కడ ఎక్కువ ఎక్కడ తక్కువ అని చూడటానికి బాగా పనికొస్తుంది.

పరికరం ఎక్కడ పెట్టాలి, ఎలా చూసుకోవాలి అనే దగ్గర కాస్త ఓపిక పట్టాలి. గాలి లాగే గొట్టం నోరు నేల నుంచి మూడు మీటర్ల పైన ఉండేలా, గోడకి, చెట్టుకి అంటకుండా, హోటల్ ఎగ్జాస్ట్ గానీ డీజిల్ జనరేటర్ గానీ పక్కన లేకుండా చూడండి (అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పెట్టి కింద జనరేటర్ గొట్టం ఎటు తిరిగి ఉందో చూడకపోవటం చాలా మామూలుగా జరిగేదే). మామూలు ప్లాస్టిక్ ట్యూబ్ వాడొద్దు, స్టాటిక్ వల్ల కణాలు గోడకే అతుక్కుపోతాయి, విద్యుత్తు పారే నల్ల సిలికాన్ ట్యూబ్ గానీ రాగి, స్టీల్ గొట్టం గానీ వాడండి, అది కూడా వీలైనంత పొట్టిగా. లోపలికి పెద్ద కణాలు రాకుండా పీఎం 2.5 సైక్లోన్ (గాలిని గుండ్రంగా తిప్పి పెద్ద కణాలని విడగొట్టే చిన్న భాగం) తగిలించండి. తేమ ఇంకో పెద్ద శత్రువు: ఏసీ గదిలో మెషీన్, బయట వర్షం, ఏసీ ఆన్ ఆఫ్ అయిన ప్రతిసారీ టేప్ తడిసి ఆరి రీడింగ్ పైకీ కిందకీ ఊగుతుంది, వానాకాలంలో లైన్‌లో డ్రైయర్ లేకుండా చిన్న చిన్న తేడాల మీద కథలు చెప్పొద్దు. వారానికోసారి ఫ్లో చెక్ చెయ్యండి. నెలకోసారి శుభ్రమైన గాలి ఫిల్టర్ తగిలించి సున్నా వస్తుందో లేదో చూడండి, తారీఖుతో సహా నోట్‌బుక్‌లో రాయండి. ఆ నోట్‌బుక్ లేని డేటాని తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే మీ దగ్గర జవాబు ఉండదు.

టేప్ మీద మచ్చ బాగా నల్లబడ్డాక మసి అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది, దీన్ని లోడింగ్ ఎఫెక్ట్ అంటారు. ఏఈ33 రెండు మచ్చల మీద వేరువేరు ఫ్లోతో గాలి లాగి దీన్ని తనే సరిచేసుకుంటుంది. ఒకే మచ్చ ఉన్న పరికరాలకి మీరే కరెక్షన్ చెయ్యాలి, లేదంటే టేప్ మారిన ప్రతిసారీ మసి ఒక్కసారిగా పెరిగినట్టు మెట్టు కనిపిస్తుంది, ఆ మెట్టుని చూసి ఏదో మంట మొదలైందనుకుంటారు. ఇంకోటి, నిమిషం డేటాలో నెగటివ్ నంబర్లు వస్తాయి, భయపడి డిలీట్ చెయ్యకండి. అది నాయిస్, పైకి ఎంత ఊగుతుందో కిందకీ అంతే ఊగుతుంది, కింది వాటిని మాత్రమే తీసేస్తే మీ సగటు అబద్ధంగా పెరుగుతుంది. గంట సగటు తీసుకోండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఇక ఫిల్టర్ల పద్ధతి. కార్బన్ కోసమైతే క్వార్ట్జ్ ఫైబర్ ఫిల్టరే, టెఫ్లాన్ పనికిరాదు, అందులోనే కార్బన్ ఉంటుంది. బరువు, లోహాల కోసం టెఫ్లాన్ పక్కన ఇంకోటి పెట్టుకోవాలి. క్వార్ట్జ్ ఫిల్టర్లని ముందే ఫర్నేస్‌లో 500 డిగ్రీల పైన కొన్ని గంటలు కాల్చాలి, వాటిని చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ని కూడా కాల్చాలి, చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతోనే తియ్యాలి. తీసుకున్న శాంపిల్‌ని ఫ్రీజర్‌లో పెట్టాలి. ప్రతి పదింటికీ ఒకటైనా ఫీల్డ్ బ్లాంక్ ఉండాలి, అంటే ఫిల్టర్‌ని సైట్‌కి తీసుకెళ్లి, హోల్డర్‌లో పెట్టి, పంప్ ఆన్ చెయ్యకుండా వెనక్కి తెచ్చేది. క్వార్ట్జ్‌కి ఆవిరి రూపంలో ఉన్న ఆర్గానిక్స్‌ని (మసి కాని కార్బన్ పదార్థాలని) పీల్చుకునే గుణం ఉంది, బ్లాంక్ లేకపోతే ఆర్గానిక్ కార్బన్ ఎక్కువ చూపిస్తారు.

ఎంతసేపు లాగాలో చిన్న లెక్క వేసుకోండి. నిమిషానికి 16.7 లీటర్లు చొప్పున 24 గంటలు అంటే సుమారు 24 క్యూబిక్ మీటర్ల గాలి. గాలిలో ఎలిమెంటల్ కార్బన్ క్యూబిక్ మీటర్‌కి 5 మైక్రోగ్రాములు ఉందనుకుంటే ఫిల్టర్ మీద 120 మైక్రోగ్రాములు చేరతాయి, 47 మిల్లీమీటర్ల ఫిల్టర్‌లో గాలి తగిలే భాగం దాదాపు 12 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటర్‌కి 10. ఇది బాగానే ఉంటుంది. చలికాలంలో మసి రెట్టింపైతే ఫిల్టర్ మరీ నల్లబడి ల్యాబ్‌లో లేజర్ కాంతి దాన్ని దాటలేదు, అప్పుడు ఆర్గానిక్ కార్బన్ ఎంత, ఎలిమెంటల్ ఎంత అన్న విభజన నమ్మలేం, కాబట్టి డిసెంబర్, జనవరిలో 12 గంటలకోసారి ఫిల్టర్ మార్చండి. పగలు ఒకటి, రాత్రి ఒకటి విడిగా రావటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, అది కిందకి వెళ్లాక తెలుస్తుంది.

ల్యాబ్‌లో ఏం జరుగుతుందంటే, ఫిల్టర్‌లోంచి చిన్న ముక్క పంచ్ చేసి ముందు హీలియంలో మెట్లు మెట్లుగా వేడి చేస్తారు, ఆర్గానిక్ కార్బన్ పోతుంది, తర్వాత కాస్త ఆక్సిజన్ కలిపి ఇంకా వేడి చేస్తే ఎలిమెంటల్ కార్బన్ కాలిపోతుంది. చిక్కు ఎక్కడంటే హీలియంలో ఉండగానే కొంత ఆర్గానిక్ మాడి బొగ్గై నల్లబడుతుంది, దాన్ని మసి అని లెక్కెయ్యకుండా లేజర్‌తో ఫిల్టర్ రంగు చూస్తూ సరిచేస్తారు. ఇంప్రూవ్ ఏ, నియోష్, యూశార్ 2 అని వేర్వేరు ప్రోటోకాల్స్ ఉన్నాయి, వేడి మెట్లు వేరు కాబట్టి ఒకే ఫిల్టర్‌కి ఎలిమెంటల్ కార్బన్ నంబర్ గణనీయంగా మారుతుంది. మీ శాంపిల్స్ అన్నీ ఒకే ల్యాబ్‌లో, ఒకే ప్రోటోకాల్‌తో చేయించండి, పేరు రిపోర్ట్‌లో రాయండి.

ఇప్పుడు అసలు పని: ఎక్కడి నుంచి వస్తోంది.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఒక్క పద్ధతి చెప్పిన మాట మీద ఎవరి పేరూ పెట్టకండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని కనీసం మూడు సాక్ష్యాలు ఒకే వైపు చూపించాలి. ఎందుకో ఒక లెక్కతోనే చూపిస్తా.

ఈథలోమీటర్ డేటా నుంచి సోర్స్ తేల్చటానికి అందరూ వాడే మోడల్ ఒకటుంది. పెట్రోలు, డీజిల్ మసి అన్ని రంగుల కాంతినీ దాదాపు ఒకే తీరుగా మింగుతుంది, కట్టెలు, ఆకులు, కొయ్యకాళ్ల పొగలో ఉండే బ్రౌన్ కార్బన్ నీలం, అతినీలలోహిత వైపు ఎక్కువ మింగుతుంది. ఆ తేడాని ఒక ఘాతంతో కొలుస్తారు, దాని పేరు ఆంగ్‌స్ట్రామ్ ఎక్స్‌పొనెంట్. ఒక గంటలో 470 నానోమీటర్ల దగ్గర శోషణ, అంటే మింగిన కాంతి, 100 యూనిట్లు, 950 దగ్గర 45 వచ్చిందనుకోండి. వాహనాల పొగకి ఎక్స్‌పొనెంట్ 0.9, కట్టెల పొగకి 1.68 అని పెట్టుకుంటే రెండు సమీకరణాలు సాధిస్తే 950 దగ్గర కట్టెల వాటా సుమారు 11 యూనిట్లు వస్తుంది, అంటే దగ్గరదగ్గర 25 శాతం. అదే డేటాకి వాహనాలకి 1, కట్టెలకి 2 అని పెట్టండి, ఇవి కూడా పేపర్లలో విరివిగా వాడినవే, వాటా 10 శాతానికి పడిపోతుంది. గాలి మారలేదు, మెషీన్ మారలేదు, మనం ఊహించిన రెండు అంకెలు మారాయి, అంతే. కాబట్టి రిపోర్ట్‌లో "25 శాతం" అని రాయకండి, "10 నుంచి 25 మధ్య" అని రాయండి. పైగా ఆ అంకెలు ఎక్కువగా యూరప్ ఊళ్లలో పొయ్యి కట్టెల మీద తేల్చినవి, మన దగ్గర టైర్లు, ప్లాస్టిక్, తడి ఆకులు కలిసి కాలే చెత్తకుప్ప పొగ ఈ మోడల్‌లో ఏ గదిలో పడుతుందో ముందుగా చెప్పలేం, చాలాసార్లు "కట్టెలు" గదిలోకే వెళ్తుంది. మోడల్ ఇచ్చే అంకె కంటే దాని మార్పే మీకు పనికొస్తుంది: రోజంతా 1.1 చుట్టూ ఉన్న ఎక్స్‌పొనెంట్ రాత్రి తొమ్మిది తర్వాత 1.4కి ఎక్కితే, కాలే సరుకు మారిందని అర్థం.

రోజులో టైమ్‌ని బట్టి చూడటం రెండో సాక్ష్యం. మన సిటీల్లో మసి పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య ఒకసారి, రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య ఇంకోసారి పెరుగుతుంది, మధ్యాహ్నం బాగా పడిపోతుంది. చూడగానే ట్రాఫిక్ అనేస్తారు. కానీ చలికాలం పొద్దున్నే గాలి పైకీ కిందకీ కలిసే పొర చాలా పల్చగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి అది కిలోమీటర్ పైకి లేస్తుంది, ఒకే పొగ ఒకసారి చిన్న గదిలో, ఒకసారి పెద్ద హాల్లో వదిలినట్టు. అందుకే పీక్ వచ్చినంత మాత్రాన మంట పెరిగిందని కాదు. దీన్ని దాటటానికి నిష్పత్తులు వాడండి. మసిని కార్బన్ మోనాక్సైడ్‌తో భాగించండి, నైట్రోజన్ ఆక్సైడ్లతో భాగించండి, పొర ఎత్తు మారితే రెండూ కలిసే పల్చబడతాయి కాబట్టి నిష్పత్తి పెద్దగా కదలదు. దగ్గర్లో ఉన్న సీపీసీబీ స్టేషన్ గంట డేటా ఉచితంగా దొరుకుతుంది, దాన్నే వాడుకోండి. మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసి లేస్తే వాహనాలు గానీ జనరేటర్లు గానీ. సల్ఫర్ డయాక్సైడ్ కూడా కలిసి లేస్తే బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ వైపు చూడండి, పాశమైలారం, పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక ప్రాంతాల దగ్గర ఇది ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్ బాగా లేచి నైట్రోజన్ ఆక్సైడ్లు లేవకపోతే చెత్త, ఆకులు, కట్టెలు. ఆదివారాన్ని మిగతా రోజులతో పోల్చండి. పగలు లారీలు రాని రోడ్డు పక్కన రాత్రి పదకొండు తర్వాత మసి ఎంతో విడిగా చూడండి, ఇందాక పగలు ఒకటి రాత్రి ఒకటి ఫిల్టర్ పెట్టమన్నది ఇందుకే.

గాలి దిశ మూడోది. మీ పరికరం పక్కనే చిన్న గాలి మీటర్ పెట్టగలిగితే మంచిది, లేకపోతే తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల డేటా చూడండి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఓపెన్‌ఎయిర్ అనే ఉచిత ప్యాకేజీ ఉంది, అందులో పోలార్ ప్లాట్ వేస్తే ఏ దిశ నుంచి, ఎంత వేగంతో గాలి వీచినప్పుడు మసి ఎక్కువో రంగుల్లో కనిపిస్తుంది. గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు నడి మధ్యలో ఎరుపు వస్తే సోర్స్ పక్కనే ఉన్నట్టు. ఒక దిశలో, కాస్త వేగం ఉన్నప్పుడు ఎరుపు వస్తే దూరంగా ఆ వైపు ఏదో ఉంది. అక్కడికి వెళ్లి కళ్లతో చూడండి, రాత్రి పూట కూడా వెళ్లండి, మ్యాప్ మీద కనపడని చాలా విషయాలు అక్కడ తెలుస్తాయి.

దూరం నుంచి వచ్చే పొగ సంగతి వేరు. వరి కోతలయ్యాక నవంబర్, డిసెంబర్‌లో ఒకసారి, యాసంగి తర్వాత ఏప్రిల్, మేలో ఇంకోసారి కొయ్యకాళ్లు కాలుస్తారు, పత్తి కట్టె కూడా. నాసా ఫర్మ్స్ మ్యాప్‌లో వీర్స్ ఉపగ్రహ సెన్సర్ 375 మీటర్ల రిజల్యూషన్‌తో మంటల చుక్కలు చూపిస్తుంది, అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల హైస్‌ప్లిట్ మోడల్‌లో మీ ఊరికి గాలి గత మూడు రోజుల్లో ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో గీత గీయొచ్చు, రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టండి. ఎత్తు ఒక్కటే పెట్టి ఆపకండి, 100, 500, 1500 మీటర్లు మూడూ చూడండి. 2010లో హైదరాబాద్ నుంచే బెలూన్‌లో ఈథలోమీటర్ పంపితే సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఒకటి, ఎనిమిది కిలోమీటర్ల పైన ఇంకోటి మసి పొరలు కనిపించాయి, నేల మీద కొలిచేది మొత్తం కథ కాదు. ఇంకో జాగ్రత్త, చిన్న చెత్త మంటలు, మబ్బు కింద మంటలు, ఉపగ్రహం దాటిపోయాక పెట్టిన మంటలు ఆ మ్యాప్‌లో పడవు, చుక్క లేదంటే మంట లేదని కాదు.

ఫిల్టర్లు ఉంటే రసాయన గుర్తులు వెతకొచ్చు, నా దృష్టిలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇక్కడే ఉంది. లెవోగ్లూకోసన్ అనే చక్కెర లాంటి పదార్థం సెల్యులోజ్ కాలితేనే వస్తుంది, కట్టెలు, గడ్డి, కాగితం ఏదైనా. అది కొన్ని రోజుల ప్రయాణంలో గాలిలో కొంత నశిస్తుంది కాబట్టి దూరం పొగని తక్కువ చూపిస్తుంది. హోపేన్‌లు ఇంజిన్ ఆయిల్ గుర్తు. ప్లాస్టిక్ కాలితే ట్రైఫినైల్‌బెంజీన్ పెరుగుతుంది, లెవోగ్లూకోసన్‌తో పాటు ఇది కూడా లేచిందంటే చెత్తకుప్పని అనుమానించొచ్చు. పొటాషియంని చాలామంది కట్టెల పొగకి గుర్తుగా వాడతారు, కానీ దీపావళి వారంలో దాన్ని అస్సలు నమ్మొద్దు, టపాసుల్లో ఉండేదే పొటాషియం నైట్రేట్. భోగి రోజు మాత్రం అది, లెవోగ్లూకోసన్ రెండూ లేస్తాయి, మీ పద్ధతి పని చేస్తోందో లేదో పరీక్షించుకోవటానికి భోగి తెల్లవారుజాము కంటే మంచి సమయం దొరకదు, ఏం కాలుతోందో అందరికీ తెలుసు కాబట్టి.

కార్బన్ 14 (కార్బన్‌లో రేడియోధార్మిక రూపం) పరీక్ష అయితే ఇంకా తిరుగులేనిది. దాని అర్ధాయువు 5730 ఏళ్లు, కోట్ల ఏళ్ల నాటి పెట్రోలియంలో, బొగ్గులో అది మిగలదు, నిన్నటి గడ్డిలో ఉంటుంది. స్టాక్‌హోమ్ బృందం మాల్దీవుల్లో, పుణె దగ్గర సింహగఢ్‌లో పట్టిన శాంపిల్స్ మీద ఇలా చేసి, దక్షిణాసియా పొగమబ్బులోని మసి కణాల్లో సగం నుంచి మూడింట రెండు వంతులు బయోమాస్ (కట్టెలు, గడ్డి, పంట వ్యర్థాలు లాంటివి) కాలటం వల్లే అని 2009లో చెప్పారు, అప్పటిదాకా లెక్కలన్నీ చాలా తేడాగా ఉండేవి. ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సౌకర్యం ఉంది. కానీ ఇది శిలాజమా, కొత్త కార్బనా అని మాత్రమే చెప్తుంది, లారీనా జనరేటరా అని చెప్పదు.

వంద దాకా శాంపిల్స్‌కి లోహాలు, అయాన్లు, కార్బన్ అన్నీ ఉంటే పీఎంఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడపొచ్చు, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లది. అది డేటాని కొన్ని ఫ్యాక్టర్లుగా విడగొడుతుంది, వాటికి "ట్రాఫిక్", "కట్టెలు" అని పేర్లు పెట్టేది మాత్రం మనమే, అక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సీఎంబీ (ఒక్కో సోర్స్ పొగలో ఏమేం ఎంతెంత ఉంటాయో ముందే ఇచ్చి వాటాలు లెక్కించే మోడల్) వాడేటట్టయితే విదేశీ సోర్స్ ప్రొఫైల్స్ బదులు, సీపీసీబీ ఆరు నగరాల అధ్యయనం కోసం ఐఐటీ బాంబే, వాహనాల పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ తయారు చేసినవి చూడండి. అవి కూడా 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వాహన పొగ ప్రమాణాలు రాకముందువి, వాహనాల ప్రొఫైల్ ఇప్పటికి కొంత పాతబడింది అన్నది గుర్తుంచుకోండి.

చివరికి కాలుష్య నియంత్రణ బోర్డుకో మున్సిపాలిటీకో ఇచ్చేటప్పుడు ఒకటే గ్రాఫ్ పెట్టి వదిలెయ్యకండి. ఫలానా తేదీ, ఫలానా గంటలు, గాలి ఎటు నుంచి, మసి ఎంత, ఎక్స్‌పొనెంట్ ఎంత, ఏ వాయువు కలిసి లేచింది, మీరు వెళ్లి చూసినప్పుడు అక్కడ ఏముంది, ఫోటో, ఇవన్నీ ఒకే పేజీలో ఉండాలి. శాతాలకి రేంజ్ ఇవ్వండి. ఏ మూడు సాక్ష్యాలు కలిశాయో, ఏది కలవలేదో కూడా రాయండి, కలవనిదాన్ని దాస్తే అవతలి వాళ్లు దాన్నే ముందు పట్టుకుంటారు. రా డేటా ఫైల్, ఫ్లో చెక్ నోట్‌బుక్ కాపీ జత చెయ్యండి, మీరు తీసేసిన గంటలు ఏవో, ఎందుకు తీసేశారో పక్కనే రాసి.